ఒక నొక్కుకు రెండు టిక్కులు

భోజనాల బల్ల తుడిచి, తడి ఆరిందో లేదో అరచేత్తో తడిమి చూసుకుని, అప్పుడు గానీ ఆమె ఆఫీసు తెరిచేది కాదు. ఆఫీసంటే మరేం లేదు, ఒక లాప్‌టాప్, ఒక మౌస్, దాని కిందికి ఒక పాత కేలెండర్ అట్ట. కాఫీల వేళకి ఆ ఆఫీసు పక్క కుర్చీలోకి జరిగేది, భోజనాల వేళకి ఫ్రిజ్ నెత్తికెక్కేది, ఎవరైనా చుట్టాలొస్తే మంచం మీద దుప్పటి కింద దాక్కునేది. పడకగదిలో కిటికీ పక్కన అసలు సిసలు బల్ల ఒకటుంది, సొరుగులున్నది, దీపమున్నది, తిరిగే కుర్చీ ఉన్నది. అది అతనిది. అతను పొద్దున్నే ఆఫీసుకి పోతాడు, సాయంత్రం వస్తాడు, ఆ బల్ల రోజంతా ఖాళీగా అతనికోసం ఎదురుచూస్తుంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఆమె అటు చూస్తే, "నీది క్లిక్కులే కదా, ఎక్కడ కూర్చున్నా అయిపోతుంది" అన్నాడు. ఆ మాటలో చెడ్డతనం వీసమంత లేదు. అందుకే దాన్ని ఎలా తిప్పి కొట్టాలో ఆమెకి తెలియలేదు.

అయినా అప్పుడామెకి బల్లల మీద ధ్యాసెక్కడిది? పెళ్లయిన కొత్త. అతను చెప్పులు విప్పే చప్పుడుని బట్టి ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో చెప్పెయ్యడం నేర్చుకుంటోంది. తలుపు వెనక ఇద్దరి తువ్వాళ్లు ఒకే మేకుకి వేలాడటం చూస్తే నవ్వొచ్చేది. అత్తగారి ఎదుట "మీరు", గదిలోకి వెళ్లగానే "నువ్వు", ఆ గడప దాటేటప్పుడు నాలుక మడత మార్చుకోవడం ఒక ఆట. ఒక్కోసారి గడప ఇవతలే "నువ్వు" జారిపోయేది. అత్తగారు వినపడనట్టు కూర తరిగేది, కత్తి మాత్రం ఒక్క క్షణం ఆగేది.

ఆ మౌస్ కూడా అతనిచ్చిందే. "ఇది నా లక్కీ మౌస్. కాలేజీ రోజుల్నించీ దీంతో ఎన్ని కారు రేసులు గెలిచానో తెలుసా? నీకిస్తున్నాను, చూసుకో" అని రెండు చేతులా అందించాడు. వాడి వాడి ఎడమ బొత్తాం మీద నున్నటి పల్లం పడింది, సరిగ్గా అతని చూపుడువేలంత. ఆమె తన వేలు ఆ పల్లంలో ఆనించి కూర్చునేది. అతను పొద్దంతా ఊళ్లో ఎక్కడో ఉంటే, అతని వేలి గుర్తులో తన వేలు పెట్టుకుని పనిచేసుకోవడం ఎంత బాగుంటుందో ఎవరికి చెబుతుంది? చెబితే నవ్వరూ?

ఆమె పని బొమ్మలు కత్తిరించడం. వస్తువులమ్మే కంపెనీలకి కేటలాగులు తయారుచేసే ఆఫీసు వాళ్లది. కుర్చీకి ఫొటో తీస్తారు, వెనకాల గోడా, నేలా, ఫొటోగ్రాఫరు బూటు కొసా అన్నీ పడతాయి. ఆమె ఆ కుర్చీ అంచు వెంట చుక్కలు పెట్టుకుంటూ, చుక్కని చుక్కతో కలుపుకుంటూ చుట్టూ తిరిగి రావాలి. గీత లోపలున్న కుర్చీ మిగులుతుంది, బయటున్న ప్రపంచమంతా మాయమైపోతుంది. ఒకసారి నొక్కితే ఒక చుక్క. టకటకమని రెండుసార్లు నొక్కితే గీత అక్కడికి ముగిసినట్టు. మొదలెట్టిన చోటికి అడ్డంగా ఒక కోత పడిపోతుంది. ఆ పనంటే ఆమెకి ప్రాణం. టీ కప్పు చెవి మలుపు దగ్గర చుక్క ఎక్కడ పెట్టాలో, గాజు గ్లాసుకి అంచు ఎక్కడుందో ఆమెకి తెలిసినట్టు టీములో ఇంకెవరికీ తెలియదని పెళ్లికి ముందు అందరూ ఒప్పుకున్న మాట. ఆ ఏడాది దీపాల కంపెనీ కేటలాగు రాబోతోంది. షాండ్లియర్లు! ఒక్కోదానికి లెక్కలేనన్ని గాజు బొట్లు, ఇత్తడి తీగల మెలికలు. అది చేసినవాళ్లనే తర్వాత ఫైనల్ చెకింగ్‌లో కూర్చోబెడతారని అందరికీ తెలుసు. ఆ దీపాలు తనవేనని ఆమె మనసులో ఎప్పుడో రాసేసుకుంది.

అలాంటిది, ఒక మంగళవారం టీముకి పనులు పంచే లీడ్ మేడమ్ ఫోన్ చేసింది.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, మన పంతొమ్మిదో నంబరు కుర్చీకి కాలేదీ?"

"కాలేమిటి మేడమ్?"

"మూడు కాళ్లే ఉన్నాయి. క్లయింటు నవ్వుతున్నాడు, ఇది కూర్చోడానికా, సర్కస్‌కా అని. ఆ టీ కెటిల్‌కి మూతి లేదు. నీ బొమ్మలు ఇలా వెనక్కి రావడం నేనెప్పుడూ చూళ్లేదు."

ఈమధ్య గీత మధ్యలోనే టప్పున మూసుకుపోతోంది. మళ్లీ విప్పి, మళ్లీ గీసి, మళ్లీ మూసుకుపోతే మళ్లీ విప్పి, ఒక బొమ్మకి పట్టే టైములో అరబొమ్మ కూడా కావడం లేదు. ఆ గందరగోళంలో రెండు బొమ్మలు కాలూ మూతీ పోయి అలాగే వెళ్లిపోయాయన్నమాట. "సారీ మేడమ్, ఏంటో, రెండుసార్లు నొక్కేస్తున్నాను" అంది.

లీడ్ మేడమ్ గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే కొంప ముంచింది. "ఫర్లేదమ్మా. పెళ్లయిన కొత్తలో వేలొకచోట, మనసొకచోట. ఎవరికైనా అంతేగా? కొన్నాళ్లు తేలిక పని తీసుకో. నీకు పళ్లేల కేటలాగు ఇస్తాను. గుండ్రంగా ఉంటాయి, ఎటు తిరిగినా ఒకటే. దీపాలు మన గడ్డం సారుకి ఇచ్చేద్దామనుకుంటున్నా. సోమవారం మీటింగ్‌లో చెప్తాలే."

ఆ సాయంత్రానికల్లా టీము గ్రూపులో మూడుకాళ్ల కుర్చీ బొమ్మ, దాని కింద 'మన కొత్త పెళ్లికూతురి ప్రేమ' అని లీడ్ మేడమ్ మాట, దాని కింద ఎర్రటి గుండెలు బారులు బారులుగా. ఆమె కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టింది. పెట్టకపోతే బావుండదు కదా!

ఇంట్లో చెబితే అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అంటే నువ్వు పొద్దస్తమానం నన్నే తలుచుకుంటున్నావన్నమాట! అమ్మా, విన్నావా? నా దెబ్బకి కుర్చీ కాళ్లు ఊడిపోతున్నాయి."

"నీ మొహం" అని అత్తగారు కొడుకుని కసిరింది గానీ ఆవిడకీ ముచ్చటేసింది. "అంతేలే అమ్మాయ్. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వచ్చిన చుట్టాలందరికీ కాఫీలో పంచదారకి బదులు ఉప్పేసిచ్చాను. ఇన్నేళ్లయినా చెప్పుకుని నవ్వుతారు. మీ మామగారైతే పోయేదాకా ఆ మాట వదల్లేదు, దీని మనసంతా నా మీదే ఉండేది అని."

అందరికీ ఆ కారణం నచ్చింది. దాపరికమెందుకు, ఆమెకీ నచ్చింది. గీత టప్పున మూసుకుపోయినప్పుడల్లా తన వేలిని తనే చూసుకుని, సిగ్గులేనిదానా, ఎవరిని తలుచుకున్నావే ఇప్పుడు, అని మందలించుకునేది. ప్రేమంటే గుండెకే కాదు, చూపుడువేలికి కూడా పడుతుంది కాబోలనుకుంది. కానీ గురువారం వచ్చేసరికి ఆ ముచ్చట తీరిపోయింది. ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుని, అతని ముఖాన్ని ఎక్కడో అటకెక్కించి, ఒక గిన్నె అంచు మీద ఒకే ఒక్క చుక్క పెట్టబోయింది. టప్. మూసుకుపోయింది. మళ్లీ పెట్టింది. టప్. ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి? తనకి చేతనైన పని అనుకున్నది నిజంగానే చేతనైనదేనా, లేక పెళ్లికి ముందు వేరే ఏ ఆలోచనా లేక అలా జరిగిపోయిందా? ఇప్పుడు దీపాలు పోతాయి. దీపాలు పోతే చెకింగ్ పోతుంది. రేపు కడుపు పండితే ఇంకా తేలిక పని అంటారు, ఆ తర్వాత పిల్లలున్నారుగా, ఇంకా తేలిక పని అంటారు. పళ్లేలు, ఇంకా పళ్లేలు. ఎవరూ తిట్టరు, అందరూ ప్రేమగానే చెబుతారు. ఆ సంగతే ఆమెకి గుబులు పుట్టించింది. తిడితే ఎదురు చెప్పొచ్చు. ముద్దుచేస్తే ఏం చెబుతుంది? కళ్లు తుడుచుకుని, బల్ల మీద ఆఫీసు తీసేసి, కంచాలు పెట్టింది.

శనివారం రాత్రి అతను తీరిగ్గా ఉన్నాడు. పెళ్లి ఫొటోల్లోంచి మంచివి ఏరి అచ్చు వేయించాలని ఎన్నాళ్లనించో అనుకుంటున్నారు. అవన్నీ ఆమె లాప్‌టాప్‌లో ఉన్నాయి. అతను భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఫొటో పక్కనున్న గడిలో టిక్కు పెడుతున్నాడు. పెట్టిన టిక్కు వెంటనే పోతోంది. మళ్లీ పెట్టాడు. ఉంది. ఇంకోటి పెట్టాడు. పోయింది. ఆమె కాఫీ కప్పుతో వెనకే నిలబడి చూస్తోంది. కప్పు ఇంకా బల్ల మీద పెట్టనే లేదు, అతను మౌస్ పైకెత్తి, తిరగేసి, దులిపి, చెవి దగ్గర పెట్టుకుని అన్నాడు:

"ఈ మౌస్ పోయింది."

ఆమె అలాగే నిలబడిపోయింది.

"ఏంటలా చూస్తావ్? నిజం. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. నువ్వెలా పనిచేస్తున్నావ్ దీంతో?"

"ప్రేమేమో" అంది ఆమె మెల్లగా.

"ఏంటి?"

"నీ మనసు నా మీదుండి వేలు రెండుసార్లు పడుతోందేమో."

"ఛ, మనసేంటి మధ్యలో? మౌస్ పోయింది. కావాలంటే నువ్వే నొక్కి చూడు" అన్నాడతను పూర్తి అమాయకంగా, కప్పు అందుకుంటూ.

ఆమె నవ్వింది. పగలబడి నవ్వింది. ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూనే లోపల ఏదో చల్లగా, స్పష్టంగా కదిలింది. అతను నొక్కితే తప్పు వస్తువుది, కాఫీ కప్పు కింద పెట్టేలోపు తేలిపోయింది. తను నొక్కితే తప్పు తనది. అది కూడా ఎంత అందమైన తప్పు! దానికి గుండెల బొమ్మలు కూడా కట్టారు. లీడ్ మేడమ్ అంది, అతనన్నాడు, అత్తగారంది. సరే, వాళ్ల సంగతి వదిలేద్దాం. తనేం చేసింది? అయిదు రోజులు ఆ మౌస్‌ని చేతిలో పెట్టుకుని, ఒక్కసారైనా తిరగేసి చూసిందా? లేదు. తననే తిరగేసి చూసుకుంది. తన మనసులో మూలమూలా వెతుక్కుంది, అక్కడ దొరికిన సంతోషాన్నే దొంగగా పట్టుకుంది. పాపం సంతోషం, అదేం చేసిందని?

"దీన్ని విప్పుతాను" అంది.

"నువ్వా? ముట్టుకోకు, ఉన్నది కూడా పోతుంది. రేపు నేను చూస్తాలే."

అతని 'రేపు' ఎలాంటిదో ఈపాటికి ఆమెకి తెలుసు. స్నానాలగది గడియ ఒక 'రేపు' మీద వేలాడుతోంది. వంటింట్లో ఆగిపోయిన గడియారం ఇంకో 'రేపు'లో నిద్రపోతోంది. అవన్నీ ముద్దుగానే ఉంటాయి, కానీ మర్నాడు ఆదివారం, దుకాణాలు ఉండవు, ఎల్లుండి పొద్దున్నే మీటింగు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే అతను స్నేహితుడికి సామాను సర్దిపెట్టడానికి వెళ్లాడు. ఆమె బల్ల తుడిచి, లాప్‌టాప్‌కి బదులు పాత బెడ్‌షీట్ పరిచి, దాని మీద మౌస్‌ని వెల్లకిలా పడుకోబెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అత్తగారు.

"ఆపరేషన్ అత్తయ్యా. మీ కళ్లజోడు బిగించుకునే చిన్న స్క్రూడ్రైవర్ ఉంది కదా, ఒకసారి ఇస్తారా?"

ఆ ఇంట్లో పనికొచ్చే సామానంతా అత్తగారి కుట్టుమిషన్ సొరుగులో ఉంటుంది. ఆవిడ స్క్రూడ్రైవరే కాదు, కనుబొమ్మల ప్లక్కరు, గుండుసూదులు, నల్లటి ఇన్సులేషన్ టేపు, భూతద్దం అన్నీ పళ్లెంలో పెట్టుకుని వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. "వాడొచ్చాక అడక్కూడదూ?" అని ఒక్కసారి మాత్రం అంది. ఆ తర్వాత కళ్లజోడు సవరించుకుని ముందుకి వంగింది.

మౌస్ పొట్ట మీద స్క్రూ ఒక్కటీ కనిపించలేదు. ఇద్దరూ తిప్పి తిప్పి చూశారు. "ఎక్కడో దాచి ఉంటారు, నా కుట్టుమిషన్‌కీ అంతే" అంది అత్తగారు. బల్ల మీద జారడానికి అంటించిన నున్నటి పాదాల కింద ఉన్నాయేమోనని ఆమెకి తోచింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టి, గోటితో లేపితే పాదం ఊడొచ్చింది. దాని కింద బుజ్జి స్క్రూ! ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని దొంగని పట్టుకున్నట్టు నవ్వుకున్నారు.

పై డొప్ప లేపింది. లోపల ఎంత దుమ్ము! ఎన్ని కారు రేసుల దుమ్మో. బొత్తాం అడుగున ప్లాస్టిక్ ములుకు ఒకటి, దాని కింద గోరంత నల్లపెట్టె, ఆ పెట్టె నెత్తిన తెల్లటి చుక్క. వేలు బొత్తాన్ని నొక్కితే ములుకు ఆ చుక్కని నొక్కుతుంది, అంతే కథ. కుడి బొత్తాం ములుకు కొత్తదానిలా నున్నగా ఉంది. ఎడమది అరిగి గుంటపడింది. భూతద్దంలో చూస్తే పిప్పిపన్నులా ఉంది. ఆ గుంటలో చుక్క అటూ ఇటూ కదలాడుతోంది.

"ఇదిగో అత్తయ్యా, మీ అబ్బాయి కాలేజీ చదువు" అంది గుంట చూపిస్తూ.

"ఓరి వీడి దుంపతెగ!" అంది అత్తగారు.

టేపుని గింజంత ముక్క కత్తిరించి, ప్లక్కరుతో పట్టుకుని ఆ గుంట మీద అంటించింది. దాని మీద ఇంకోటి. డొప్ప మూసి లాప్‌టాప్‌కి తగిలించి చూస్తే బొత్తాం గట్టిపడింది. లొడలొడ పోయింది. నొక్కింది. ఒక చుక్క. నొక్కింది. ఒక చుక్క. "వచ్చింది!" అని అరవబోయేలోపు మళ్లీ టప్. అంటే రోగం ములుకుతో ఆగలేదు, నల్లపెట్టె లోపల కూడా ఉంది.

మళ్లీ విప్పింది. గుండుసూదితో పెట్టె మూత అంచు పట్టి లేపింది, లేవలేదు. ఇంకాస్త గట్టిగా లేపింది. మూత ఊడొచ్చింది, దాంతో పాటు తెల్ల చుక్క కూడా ఎగిరింది. టింగున ఎక్కడో చిన్న చప్పుడు, అంతే.

"కదలకండి అత్తయ్యా!"

"నేనెందుకు కదులుతాను, నువ్వు కదలకు!"

ఇద్దరూ నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆమె ఫోన్ టార్చి వేసి బల్ల కింద దూరింది, అత్తగారు చీర కుచ్చిళ్లు దోపుకుని అరచేత్తో నేలంతా తడమసాగింది. ఆవగింజలో సగముండే ప్లాస్టిక్ ముక్క. అది లేకపోతే మౌస్ ఇంకెప్పటికీ పలకదు. ముట్టుకోకు అని అతనన్న మాట నిజమవుతుంది. దీపాలు గడ్డం సారుకి పోతాయి.

"ఏం కాదులే, దొరుకుతుంది" అంది అత్తగారు బల్ల అవతలి కాళ్ల మధ్యనుంచి. కాసేపు నేల తడిమే చప్పుడు. "ఒసే అమ్మాయ్."

"ఊఁ."

"ఆ ఉప్పు సంగతి చెప్పానూ? ఇప్పుడు గుర్తొస్తోంది. మా అత్తగారింట్లో ఉప్పుడబ్బా, పంచదార డబ్బా రెండూ ఒకేలా ఉండేవే. మూతలు కూడా ఒకటే. నాకేం తెలుసు ఏది ఎక్కడుందో? ఇంట్లో అడుగుపెట్టి ఇంకా వారం కూడా కాలేదు." బల్ల కాలు చుట్టూ తడిమింది. "ఇన్నేళ్లూ అందరూ నా మనసు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. డబ్బాల సంగతి ఒక్కళ్లూ అనలేదు చూశావా!"

ఆమె బల్ల కిందనుంచి తల తిప్పింది. అత్తగారు చేతుల మీద ఆని, కళ్లజోడు ముక్కు కొసకి జారి, జుట్టు చెదిరి, ఎప్పుడో పోగొట్టుకున్న వస్తువు ఇప్పుడు కళ్లబడినట్టు నేలకేసి చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, బల్ల కాలు పట్టుకుని నవ్వారు.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని అతను వచ్చాడు. నేల మీద తల్లి, బల్ల కింద పెళ్లాం, ఇద్దరి కళ్లలో నీళ్లు. "ఏమైంది?" అని గాభరాగా అడుగు వెయ్యబోయాడు.

"కాలు పెట్టకు!" ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

అతను ఒంటికాలి మీద ఆగిపోయాడు. "ఏం పోయింది? ఉంగరమా?"

"నువ్వు నోరు మూసుకుని అక్కడే నిలబడి కళ్లతో వెతుకు. తెల్లగా, ఇంతే ఉంటుంది" అని ఆమె గోటి కొస చూపించింది. అత్తగారి ఎదుటే 'నువ్వు' అనేసిందని ముగ్గురికీ తెలిసింది, ఎవరూ పట్టించుకోలేదు.

అతను బుద్ధిగా కళ్లతో వెతికాడు. కాసేపటికి, "అమ్మా, నీ మోచేతికి ఏదో అంటుకుంది" అన్నాడు.

చెమటకి అతుక్కుని అక్కడే ఉంది తెల్ల చుక్క. ఆమె దాన్ని ప్లక్కరుతో పట్టుకుని, ఊపిరి కూడా విడవకుండా బల్ల మీదికి చేర్చింది. పెట్టెలోపల వెంట్రుకంత సన్నటి రాగిరేకు. విల్లులా వంగి ఉండాల్సింది అలిసిపోయి చదునుగా పడుకుంది. అది తగిలే చోట నల్లటి మచ్చ. కాగితం అంచు పెట్టి ఆ మచ్చని రుద్దింది. గుండుసూది కొసతో రేకు నడుముని కొంచెం, కొంచెమంటే కొంచెం, పైకి లేపింది. ఎక్కువ లేపితే విరుగుతుంది, తక్కువైతే మళ్లీ వాలిపోతుంది. కప్పు చెవి మలుపు దగ్గర చుక్క ఎక్కడ పెట్టాలో తెలిసిన వేలు అది, ఎక్కడ ఆగాలో దానికి తెలిసింది. చుక్క పెట్టి, మూత వేసి, డొప్ప బిగించింది.

టిక్.

గదిలో ముగ్గురూ విన్నారు. టిక్. ఒక్కటే. మళ్లీ నొక్కింది, ఒక్కటే. అత్తగారు నొక్కింది, ఒక్కటే. అతను చెయ్యి చాస్తే, "కాళ్లు కడుక్కునిరా ముందు" అని అత్తగారు ఆ చేతి మీద ఒకటేసింది.

ఆవిడ సామాను సర్దుకుని వెళ్లాక అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు. "అయితే ఆ కుర్చీ కాళ్లు..."

"వాటిని నువ్వు కాలేజీలో ఉన్నప్పుడే విరగ్గొట్టావు."

అతను నవ్వాడు, నవ్వి ఆగిపోయాడు. "మొన్న నేనూ చూసి ఉండాల్సింది. నువ్వు చెప్పిన రోజే. ఏమో... నా వల్లే అనుకుంటే బాగుండింది."

"నాకూ బాగానే ఉండింది" అంది ఆమె. అది అబద్ధం కాదు. "కానీ ఆ బాగుండడానికి నా దీపాలు పోతున్నాయి."

అతను లేచి వెళ్లి, తను వచ్చేసరికి వంటింట్లో మిగిలిపోయిన గిన్నెలన్నీ తోమడం మొదలుపెట్టాడు. నురుగు మోచేతులదాకా ఎక్కించుకుని, చప్పుడు చేస్తూ, బాగా రాని పాటేదో పాడుకుంటూ. ఆమె దీపాల కంపెనీ నమూనా కోసం పంపిన షాండ్లియర్ బొమ్మ తెరిచింది. అన్నిట్లోకీ కష్టమైనది. గాజు బొట్టు తర్వాత గాజు బొట్టు, ఇత్తడి మెలిక తర్వాత మెలిక. చుక్క పెడితే చుక్క. ఎంతదూరం వెళ్లినా గీత తెగలేదు. చివరి చుక్క మొదటి చుక్కని కలిసేసరికి ఇంకా వెలుతురుంది. కావాలనే రెండుసార్లు నొక్కి మూసింది. తెర మీద గోడలూ, కరెంటు తీగలూ, నిచ్చెనలూ అన్నీ మాయమై దీపం ఒక్కటే తెల్లటి ఖాళీలో వేలాడింది. ఆమెకి చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టుకుంది కూడా. వంటింట్లోంచి ఎందుకో తెలియకుండానే అతనూ కొట్టాడు, నురుగు చేతులతో. ఆమె ఆ బొమ్మని లీడ్ మేడమ్‌కి పంపించేసింది.

సోమవారం మీటింగ్‌లో అందరి ముఖాలూ తెర మీద గళ్లుగళ్లుగా ఉన్నాయి. లీడ్ మేడమ్ పనులు పంచుతూ దీపాల దగ్గరికి వచ్చి ఆగింది.

"నిన్న ఒక షాండ్లియర్ వచ్చింది, గ్రూపులో కూడా పెట్టాను. చూస్తూ కూర్చున్నాను. ఒక్క గాజు బొట్టుకి కూడా అంచు తెగలేదు. ఇదెలా చేశావమ్మా?"

"నా మౌస్ బొత్తాం అరిగిపోయింది మేడమ్. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. అందుకే గీతలు మధ్యలో మూసుకుపోయాయి. నిన్న విప్పి బాగుచేశాను."

"మీ ఆయన చేశారా?" అన్నారెవరో.

"లేదు, నేను చేశాను. మా అత్తగారు సాయం పట్టారు."

"మరి మొదటి రోజే మౌస్ అని చెప్పొచ్చు కదా?" అంది లీడ్ మేడమ్.

"మీరు పెళ్లి అన్నారు మేడమ్. నేనూ నమ్మేశాను. ఇంక వేరే కారణం వెతకలేదు."

గడ్డం సారు గొంతు సవరించుకుని, "మేడమ్, ఆ దీపాలు ఆమెకే ఇచ్చెయ్యండి. నేను ఆ బొమ్మ చూసిన దగ్గర్నించీ నిద్రపోలేదు. నాకు పళ్లేలే బాగుంటాయి" అన్నాడు. అందరూ నవ్వారు. లీడ్ మేడమ్ కూడా నవ్వి, "సరే, దీపాలు నీవే. మొత్తం కేటలాగు" అంది. ఆమె బల్ల కింద కాళ్లు రెండూ నేలకి టకటకా కొట్టుకుంది, పైకి మాత్రం కుదురుగా కూర్చుంది.

"అయితే ఆ ప్రేమ మత్తు దిగిపోయిందన్నమాట మన పెళ్లికూతురికి!" అంది లీడ్ మేడమ్, మీటింగ్ ముగించబోతూ, మునుపటి ముద్దుగొంతుతోనే. గళ్లలో ముఖాలన్నీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. గ్రూపులో ఎవరో అప్పుడే ఒక ఎర్ర గుండె పెట్టేశారు కూడా. ఇలాంటి మాటకి ఆమె ఎప్పుడూ వాళ్లకంటే ముందే నవ్వేది.

ఈసారి నవ్వలేదు. కోపంగానూ లేదు.

"ప్రేమ బాగుంది మేడమ్" అంది. "పాడైంది మౌస్."